అది బెంజో కాదని చెప్పబోయి

ఆ ఏడు ఆయుధపూజకు మా ఆఫీసులో కంప్యూటర్లకు పసుపు రాసి కుంకుమ పెట్టాం. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన భవనంలో రెండో అంతస్తు మాది. చుట్టుపక్కల ఇంకా బండలు పేలుస్తూనే ఉండేవారు. మధ్యాహ్నం పూట ఆ మోతకు కిటికీ అద్దాలు గజగజలాడేవి, కీబోర్డుల మీద సన్నటి తెల్లదుమ్ము పేరుకునేది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలతో రాసిపెట్టిన సంవత్సరాలను వెతికి నాలుగంకెలుగా మార్చడం మా పని. రెండువేల సంవత్సరం వచ్చేలోగా అదంతా అయిపోవాలి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి కంపెనీ వ్యానులో వచ్చి వెళ్లేదాన్ని.

నాకు వీణ వచ్చు. గుంటూరులో ఉన్నప్పుడు మొదలుపెట్టి పదకొండేళ్లు నేర్చుకున్నాను. ఆఫీసులో చేరిన వారం తిరక్కుండానే ఆ సంగతి అందరికీ తెలిసేలా చేశాను. ఎవరైనా పాటల మాట ఎత్తితే చాలు, ఎడమచేతి వేళ్ల మీది కాయలు చూపించేదాన్ని. మా మేనేజరుగారిది కడప. ఆయన ఒకసారి, "మంచిదమ్మా, మన వార్షికోత్సవానికి నీ వీణే పెట్టుకుందాం" అన్నారు. ఆ మాటను నేను పట్టుచీరలా మడతపెట్టి దాచుకున్నాను.

పూజ దగ్గరికి రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఒక గుడ్డసంచి పట్టుకుని వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. నానక్‌రామ్‌గూడ ఊళ్లో తాత దగ్గర ఉండేది. సంచిలోంచి మూరెడు పొడవున్న ఒక చెక్కపెట్టె తీసి కంప్యూటర్ పక్కన పెట్టింది. పైన తీగలు, వాటి మీదుగా రెండు వరసల మీటలు. మీటల మీద అంకెలు వేసిన గుండ్రటి బిళ్లలు. పెట్టె మీది ఎర్ర రంగు చాలాచోట్ల లేచిపోయింది.

"ఏమ్మా, ఇదేంది?" అన్నారు మేనేజరుగారు.

"మా తాతది సార్. దసరాకు దీనికి గూడ బొట్టు పెడ్తం ఇంట్ల. ఈసారి ఈడ పూజ జేపిద్దామని తెచ్చిన."

"వాయిస్తావా?"

"జర వస్తది సార్."

ఆమె నేల మీద కూర్చుని పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. ఎడమచేతి వేళ్లతో మీటలు నొక్కుతూ, కుడిచేతిలోని చిన్న ప్లాస్టిక్ ముక్కతో తీగలను మీటింది. ఏదో బతుకమ్మ పాట. మొదట టకటకమని మీటల చప్పుడే వినబడింది. రెండో చరణానికి వచ్చేసరికి ఆ చప్పుడు పాటలో కలిసిపోయింది. ప్రింటర్ దగ్గర నిలబడ్డవాళ్లు కాగితాలు వదిలేసి వచ్చారు. బెజవాడ నుంచి వచ్చిన సీనియర్ ఒకావిడ, ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి, కళ్లు తుడుచుకుంది.

నేను చప్పట్లు కొట్టాను. కొడుతూనే, పాటలో ఆమె రెండుసార్లు తాళం తప్పిందని లెక్కపెట్టుకున్నాను.

"దీన్నేమంటారు?" అని ఎవరో అడిగారు.

"బెంజో," అంది ఆమె.

"బ్యాంజో అలా ఉండదండీ," అన్నాను నేను, అందరికీ వినబడేలా. "దానికి గుండ్రంగా డప్పులాంటి మొహం ఉంటుంది, పొడుగాటి మెడ ఉంటుంది. ఇది ఇంకేదో."

ఆమె నా వైపు చూసి నవ్వింది. "అయ్యుండొచ్చక్కా. మా ఇంట్ల గిట్లనే అంటరు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ జనమంతా రిసెప్షన్ దగ్గర చేరడం మొదలైంది. నా టిఫిన్ డబ్బా పక్కన నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. అక్కడి నుంచి నవ్వులు వినబడితే పెరుగన్నం సగంలోనే మూత పెట్టేసేదాన్ని. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. అందుకని ఆ పెట్టె మీద తెచ్చుకున్నాను. దాని పేరే తప్పు. తన పేరేమిటో కూడా తెలియని వస్తువును ఇంతమంది నెత్తిన పెట్టుకోవడమేమిటి? అసలు పేరు కనుక్కుని అందరి ముందూ చెప్పాలనుకున్నాను.

ముందు మా వీణ టీచరుగారికి ఫోన్ చేసి అడిగాను. నేను చెప్పిన ఆకారం విని ఆవిడ నవ్వారు. "మెట్లకు బదులు మీటలుంటే దాన్ని వాయిద్యమంటారుటే? పిల్లలు ఆడుకోవడానికి బాగుంటుంది" అన్నారు. ఆ మాట ఆ రాత్రికి నాకు కడుపు నింపింది కానీ పేరు మాత్రం దొరకలేదు.

ఆఫీసులో ఇంటర్నెట్ ఒక్క కంప్యూటర్‌కే ఉండేది, అదీ మేనేజరుగారి గదిలో. వార్షికోత్సవానికి ఏదో సమాచారం కావాలని చెప్పి సాయంత్రం పూట అరగంట అడిగి తీసుకున్నాను. మోడెం గీపెట్టి గీపెట్టి కలిసేది. బొమ్మలు పైనుంచి కిందికి ఒక్కో గీతగా వచ్చేవి. నాలుగో రోజున తెర మీద ఆ పెట్టె బొమ్మ దిగింది. ముందు మీటలు, తరువాత తీగలు. ఆ తరువాతి శనివారం లైబ్రరీకి వెళ్లి వాయిద్యాల మీద ఉన్న లావుపాటి పుస్తకం తెరిచి సరిచూసుకున్నాను.

దాని అసలు పేరు తైషోగోతో. పుట్టింది జపాన్‌లో, నగోయా అనే ఊళ్లో. ఆ దేశంలో కోతో అనే పెద్ద తంత్రీవాద్యం ఒకటి ఉంది, మనిషి పక్కన పడుకోబెడితే మనిషి కంటే పొడుగు. అంత పెద్దది అందరూ కొనలేరు, అందరికీ రాదు. నగోయాలో ఒకాయన టైపు మిషను మీటలు చూసి, ఆ మీటలనే తీగల మీద పెడితే ఎవరైనా వాయించవచ్చు కదా అనుకున్నాడట. అప్పుడే ఆ దేశంలో కొత్త చక్రవర్తి గద్దెనెక్కాడు. ఆ పరిపాలనా కాలానికి తైషో అని పేరు. ఆ పేరే ఈ చిన్న కోతోకు పెట్టారు. తరువాత అది ఓడల్లో మన రేవులకు వచ్చింది. ఇక్కడి వాళ్లు చూసి, తామే చేసుకుని, బుల్‌బుల్ తరంగ్ అన్నారు. బుల్‌బుల్ అంటే పిగిలిపిట్ట, తరంగ్ అంటే అల. బెంజో అనే పేరు మాత్రం దానికెలా అంటుకుందో నేను చదివినచోట ఎవరూ తేల్చి చెప్పలేదు.

నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అది మనది కానే కాదు, పాతదీ కాదు. టైపు మిషనుకు తీగలు కడితే వచ్చిన వస్తువు, పైగా పేరు కూడా ఎరువు సొమ్ము. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

వార్షికోత్సవం దగ్గరపడ్డాక మేనేజరుగారు నన్ను పిలిచారు.

"అమ్మా, ఈసారి ఆ రిసెప్షన్ పాప చేత పది నిమిషాలు వాయింపిద్దామనుకుంటాండా. ఇంట్లోవాళ్లు, పిల్లోళ్లు వస్తారు కదా, వాళ్లకు నచ్చుతుంది. వీణంటే అందరికీ అర్థం కాదులే."

ఆయన ముందున్న జాబితాలో ఏదో రాసుకుని తలెత్తారు.

"నువ్వు బాగా మాట్లాడతావు. ఆ వాయిద్యం గురించి నువ్వే పరిచయం చెయ్యి."

బయటికి వచ్చి బాత్రూములో కుళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను. మొహం కడుక్కున్నాక హ్యాండ్‌బ్యాగులో కాగితం గుర్తొచ్చింది. చెప్పమన్నది ఆయనే కదా, అన్నీ చెబుతాను అనుకున్నాను.

ఆ సాయంత్రం కింది అంతస్తు హాలు నిండిపోయింది. నేను మైకు ముందు నిలబడి ఒక్కొక్కటే చెప్పాను. "దీన్ని బెంజో అంటున్నారు కానీ ఇది బ్యాంజో కాదు. ఇది మన దేశంలో పుట్టింది కూడా కాదు. దీని వయసు మహా అయితే మన తాతల వయసు. టైపు మిషను మీటలు తెచ్చి తీగల మీద పెట్టారు, అంతే. సాధన లేకపోయినా వాయించవచ్చు." ఆఖరి వాక్యం పుస్తకంలో అలా లేదు. నేనే కలిపాను.

హాల్లో నవ్వులు వినబడ్డాయి. నేను అనుకున్న నవ్వు కాదది. పొద్దస్తమానం కీబోర్డులు కొట్టే మనుషులు వాళ్లు. టైపు మిషను మాట వినగానే తమ వస్తువేదో వేదిక మీదికి వచ్చినట్టు మురిసిపోయారు. ఆమె వాయిస్తుంటే ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఒళ్లో వేళ్లు ఆడించారు. అయ్యాక పిల్లలు వేదిక ఎక్కి మీటలు నొక్కిచూశారు. "ఎంత బాగా చెప్పారండీ, మీరు చెప్పాక వింటే ఇంకా బాగుంది" అని నాతో కనీసం పదిమంది అన్నారు. ఆమె పెట్టెకు నేనే పూలదండ కట్టి ఇచ్చినట్టయింది.

ఆమె నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంది. "అక్కా, దీనికి ఇంత కథ ఉన్నదా? మా తాతకు నువ్వే చెప్పాలె. నేను చెప్తే నమ్మడు. ఇంటికి వస్తవా?" అప్పటిదాకా నన్ను మీరు అనేది.

వస్తానన్నాను. ఒక ఆదివారం షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ వెళ్లాను. చిన్న పెంకుటిల్లు, ముందు గేదెను కట్టేసిన వాకిలి. తాతకు చూపు సరిగా ఆనదు. నులక మంచం మీద కూర్చుని నేను చెప్పినదంతా తల వంచి విన్నాడు. పెట్టె పరాయిదని, పేరు తప్పని తెలిస్తే ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని నాకు లోపల ఉంది. దాచడమెందుకు, అది చూడటానికే అంత దూరం వెళ్లాను.

"జపానుకెల్లి వచ్చిందా బిడ్డా?" అన్నాడు. "నేను గోల్కొండ దాటి పోలే. ఇదేమో సముద్రం దాటి నా ఇంటికొచ్చింది."

"మరి బెంజో అని ఎవరు చెప్పారు తాతగారూ?"

"పాతబస్తీల ఖవ్వాలి పాడేటాయన ఉండె. ఆయన బెంజో అంటే నేను గట్లనే అన్న. ఏం పేరని అడిగే తెలివి నాకేడిది? మా ముసలిదైతే దీన్ని టకటకల పెట్టె అనేది. టకటకల పెట్టె తెచ్చుకో, బువ్వ వండేదాక ఏదన్న వాయించు అనేది." తల నా వైపు తిప్పి, "నువ్వు చెప్పిన పేరేంది? మల్లొక్కసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆయన నోరు తిప్పుకుంటూ మూడుసార్లు పలికాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. తరువాత నా వైపు చేతులు చాచి అడిగాడు. "నువ్వు వీణ నేర్చినవంట. నేను చెవితోటి విని నేర్పిన బిడ్డకు. ఈ పిల్లకు స్వరాలు నేర్పరాదు?"

నేర్పుతానన్నాను. దయతో కాదు. ఆ పెట్టెతో ఏమేమి సాధ్యం కాదో నాకు తెలుసు కాబట్టి.

వీణ మీద తీగను పక్కకు లాగితే స్వరం ఊగుతుంది. దాన్నే గమకం అంటాం. మన సంగీతానికి ప్రాణం అందులోనే ఉంటుంది. మీట నొక్కితే పలికే వాయిద్యంలో స్వరం నొక్కినచోటే గుంజలా నిలబడిపోతుంది. ఆమె ఆదివారాలు కూకట్‌పల్లి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఎవరికైనా మొదట నేర్పే సరళీ వరసలు రెండు వారాల్లో దాటించేసి, తోడి రాగం ఎత్తుకున్నాను. తోడిలో గాంధారం ఊగకపోతే అది తోడే కాదు. వీణ మీద ఆ ఒక్క స్వరం సరిగా పలకడానికి నాకు ఏళ్లు పట్టింది. ముందు నేను వాయించి చూపేదాన్ని, తరువాత ఆమె మీట నొక్కేది. టక్కుమనేది.

"కాదు," అనేదాన్ని. "మళ్లీ."

టక్.

"కాదు. వినబడుతోందా తేడా?"

"వినబడ్తుందక్కా."

అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. అయిదో వారం ఆమె రాలేదు. ఆఫీసుకు పెట్టె తీసుకురావడం కూడా మానేసింది. ఎవరైనా అడిగితే, "నాకు రాదని సమజైంది" అనేది. రిసెప్షన్ దగ్గర గుంపు పలచబడింది. నా డబ్బా పక్కకు మళ్లీ ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఆ రోజుల్లో నాకు హాయిగా నిద్ర పట్టేది. అందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఉగాదికి నేనే అడిగి వీణ వాయించాను. అందరూ మర్యాదగా కూర్చున్నారు. ఎవరో ఒకాయన పేజర్ చూసుకుంటూ లేచి వెళ్లాడు. అయ్యాక మేనేజరుగారు వచ్చి, "చానా శాస్త్రీయంగా ఉందమ్మా" అన్నారు. బెజవాడ ఆవిడ మటుకు నన్ను పక్కకు పిలిచి అడిగింది. "ఆ అమ్మాయి ఎందుకండీ వాయించడం మానేసింది? మీ దగ్గరికే వచ్చేది కదా?"

తెలియదన్నాను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున్నే ఆమె సంచి భుజాన వేసుకుని మా గుమ్మంలో నిలబడింది. కుశల ప్రశ్నలేవీ లేవు. చాప మీద కూర్చుని పెట్టె విప్పింది.

"అక్కా, ఒక్కసారి ఇను."

ఎడమచేత్తో గాంధారం మీట నొక్కింది. కుడిచేతి వేళ్లతో మీటి, అరచేతి అంచును వెనక్కు జరిపి, తీగ ఆనుకునే చెక్కకు అవతల మిగిలిన బెత్తెడు తీగ మీద ఆనించింది. అక్కడ నొక్కుతూ వదులుతూ ఉంటే ఇటువైపు స్వరం ఊగింది. మొదట కాస్త ముతకగా వచ్చింది. రెండోసారి మెత్తగా వచ్చింది. అది తోడి గాంధారమే. అందులో అనుమానం లేదు.

అరచేయి అంచున తీగ కోసిన గీతలు కనబడ్డాయి. ఆ పద్ధతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను నాలుగు వారాలు "కాదు, కాదు" అంటే, అవునయ్యే దారి ఆమె ఒక్కతే వెతుక్కుంది. లేచి వెళ్లి ఆ పెట్టెను బాల్కనీలోంచి విసిరెయ్యాలనిపించింది.

"తప్పు," అన్నాను. "ఇంకా రాలేదు."

ఆమె తల వంచుకుంది. అప్పుడే వంటింట్లోంచి మా అమ్మ గరిటెతో బయటికి వచ్చింది.

"ఎవరే ఆ గాంధారం పలికించింది? ఎంత చక్కగా ఉంది. నువ్వు కాదుగా?"

అమ్మ ఇద్దరి మొహాలూ చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆమె పెట్టెను గుడ్డలో చుట్టి లేచింది. నేనూ చెప్పులు వేసుకుని ఆమెతో పాటు బస్టాపు దాకా నడిచాను. మార్కెట్ దాటాం.

"వచ్చింది," అన్నాను చివరికి. "సరిగ్గా వచ్చింది. నేను అబద్ధం చెప్పాను."

"ఎరుకే అక్కా."

"మొదటి నుంచీ నీ మీద కుళ్లుకుంటూనే ఉన్నాను. ఆ పేరు గొడవ కూడా అందుకే. నిన్ను నలుగురిలో చిన్నబుచ్చాలనే వెతికాను. తోడి కూడా అందుకే నేర్పాను."

"అది గూడ ఎరుకే." ఆమె సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "నువ్వు చప్పట్లు కొట్టేటప్పుడు మొఖం నవ్వదు. ఎవలకు తెల్వదు?"

"మరి ఎందుకు వచ్చావు మా ఇంటికి?"

"నాకు స్వరాలు కావాలె గద. ఇంకెవలు చెప్తరు?" ఆమె నా వైపు తిరిగింది. "నాకు గూడ ఉంటది అక్కా. పొద్దుగాల నువ్వు వ్యాన్ దిగి, మెడల కార్డు ఏసుకొని, నా ముంగటకెల్లి లోపలికి పోతవు చూడు. ఆ తలుపు నీకు తెరుసుకుంటది, నాకు తెరుసుకోదు. గప్పుడు నీ వీణ ఇరిగిపోతే బాగుండనిపిస్తది. చెప్తున్న, ఏమనుకోకు."

అక్కడే సోడాబండి పక్కన నిలబడిపోయాను. ఆమెకు నా మీద ఈర్ష్య ఉంటుందని ఒక్కసారీ నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఎంత సుఖపడేదాన్నో. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీలోంచి, "వచ్చే ఆదివారం వస్తా" అంది.

వచ్చింది. ఆ తరువాతా వచ్చింది. పాఠం అయ్యాక ఆమెకు మా అన్నయ్య కొన్న పాత కంప్యూటర్ మీద నేను చేసే పని నేర్పడం మొదలుపెట్టాను. ఆమె త్వరగానే పట్టుకుంది. ఆ ఏడాది చివర్లో తారీకులు మార్చే పనికి మనుషులు చాలక, మేనేజరుగారు ఆమెను పరీక్షపెట్టి మా గదిలోకి తీసుకున్నారు. ఆమెకూ మెడలో కార్డు వచ్చింది. మొదటిరోజు దాన్ని రెండుసార్లు తలుపుకు చూపించి, రెండుసార్లు తలుపు తెరిచి చూసుకుంది. నాకు సంతోషమే కలిగింది. అంతకుముందు నేర్పినదేదీ నేను మనసారా నేర్పలేదు, ఇదొక్కటీ నేర్పాను.

కానీ పెట్టె విషయంలో నేను మారానని చెప్పలేను. చలికాలంలో ఒక ఆదివారం ఆమె మా ఇంట్లో తోడి ఆలాపన మొదటిసారి పూర్తిగా వాయించింది. తాతను కూడా ఆటోలో తీసుకొచ్చింది. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. మా అమ్మ పూలు కట్టడం ఆపేసింది. మీటల చప్పుడు ఎక్కడా లేదు. సగంలో నేను కాఫీ కలిపి తెస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను. పాలు అప్పటికే కాగి ఉన్నాయి, డికాషనూ దిగి ఉంది. అయినా ఆమె వాయించడం ఆపేదాకా నేను బయటికి రాలేదు.